ఆ యువకుడి వెనక 150 ఏళ్ల పాట ఉంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో యూరప్‌లోని లాత్వియా దేశపు యువ స్వరకర్త, క్వైర్ (బృందగానం) కండక్టర్ యేకబ్స్ యాంచెవ్‌స్కిస్ గురించి చిన్న పరిచయం వేశారు. మా అబ్బాయి 2022 నుంచి అక్కడి రాజధాని రీగాలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడి వల్ల ఆ దేశం పాటలు మా ఇంట్లో కూడా మోగుతుంటాయి కాబట్టి ఆ పేరు చూడగానే చాలా సంతోషం వేసింది. కానీ ‘పుట్టుకతోనే మేధావి’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చలేదు.

అతను 1992లో పుట్టాడు, అంటే లాత్వియా సోవియట్ పాలన నుంచి బయటపడిన మరుసటి ఏడాది. చదివింది రీగా కేథడ్రల్ క్వైర్ స్కూల్లో. 2020లో బ్రిటన్‌కు చెందిన హైపీరియన్ సంస్థ అతని పాటలతో ఒక ఆల్బమ్ తెచ్చింది, వాటిని పాడింది ఆ స్కూలు క్వైరే. తను చదివిన బడే తన పాటలు పాడిపెట్టిందన్న మాట. ఇది మీ పరిచయంలో లేదు. నా దృష్టిలో అసలు రాయాల్సింది అదే.

ఆ దేశ జనాభా 20 లక్షలు కూడా లేదు. అయినా 1873 నుంచి పాటల పండుగ చేసుకుంటున్నారు, ఇప్పుడది అయిదేళ్లకోసారి వస్తుంది. పాడేవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు, రైతులు, టీచర్లు, విద్యార్థులు, పగలంతా పని చేసుకుని సాయంత్రం సాధనకు వెళ్లేవాళ్లు. అందరికీ ముందే పాటలు ఇస్తారు, ఒక్కో బృందం న్యాయనిర్ణేతల ముందు పాడి నెగ్గితేనే చోటు. మన బృందగానంలో మామూలుగా అందరూ ఒకే వరుస పాడతాం (చర్చి క్వైర్‌లో పాడినవాళ్లకు తేడా తెలుసు), అక్కడ నాలుగు రకాల గొంతులు నాలుగు వరుసలు అందుకుంటాయి, వేలమంది అలా పాడుతుంటే ఎక్కడా జారిపోకుండా కలిపి ఉంచేది కండక్టర్ చెయ్యి. ఆ పండుగల కోసం కొత్త పాటలు కూడా రాయిస్తారు. స్వరకర్త అక్కడ ఒంటరిగా తయారవడు, అతని పాట కోసం గొంతులు ముందే సిద్ధంగా ఉంటాయి.

మరి పదాలు ఎక్కడివి అంటారా, క్రిష్యానిస్ బరోన్స్ అనే ఆయన జీవితంలో ఎక్కువ భాగం దైనాలు అనే పల్లెపాటలను కూర్చడానికే ఇచ్చేశాడు. చాలావరకు నాలుగే పాదాలు, మా అమ్మ వరినాట్లప్పుడు పాడిన పాటల్లాగే పనీ పెళ్లీ ఎండా వానా. ఒక్కో పాటా ఒక్కో చిన్న చీటీ మీద రాసి, 70 సొరుగులున్న బీరువాలో సర్దాడు. 1894 నుంచి 1915 వరకు అచ్చు వేస్తే దాదాపు 2,18,000 పాటలయ్యాయి! ఆ బీరువా ఇప్పుడు రీగాలో జాతీయ గ్రంథాలయంలో ఉంది, మా వాడు ఫొటో పంపాడు.

ఇంకొకటి తప్పక చెప్పాలి. యాజెప్స్ వీతోల్స్ 1899లో ‘వెలుగుల కోట’ అనే పాటకు స్వరం కట్టాడు. మునిగిపోయిన కోట, మరిచిపోయిన దాని పేరు ఎవరైనా పలికితే మళ్లీ పైకి లేస్తుందని కథ. పరాయి పాలనలో ఉన్న జనానికి ఆ కోట ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు కదా. 1985 పండుగలో సోవియట్ అధికారులు ఆ పాటను కార్యక్రమం నుంచి తీసేశారు. చివరి కచేరీలో గాయకులూ జనమూ అది పాడాల్సిందేనని పట్టుబట్టారు, పక్కన పెట్టేసిన వృద్ధ కండక్టర్ హరాల్డ్స్ మెద్నిస్‌ను వేదిక మీదికి రప్పించి పాడారు. ఆరేళ్లకు దేశం స్వతంత్రమైంది. యాంచెవ్‌స్కిస్ తరం ఈ కథ వింటూ పెరిగింది, వాళ్లకు క్వైర్ అంటే వట్టి కచేరీ ఎలా అవుతుంది?

2023 జులైలో, పండుగకు 150 ఏళ్లు నిండినప్పుడు, మా అబ్బాయి మెజాపార్క్స్ మైదానం నుంచి వీడియో కాల్ చేశాడు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. కచేరీ అయిపోయినా ఎవరూ కదల్లేదు, తెల్లారేదాకా పాడతారట. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేనూ మా ఆవిడా ఫోన్ పెట్టలేకపోయాం.

మన దగ్గర బిరుదురాజు రామరాజు గారి లాంటివాళ్లు జానపద గేయాలు సేకరించి పెట్టారు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో యూత్ క్వైర్ నడిపి, వందలమందితో ఒకేసారి పాడించారు. ఈ రెండు పనులనూ కలిపే బడి మనకు ఎక్కడైనా ఉంటే దాని గురించి కూడా రాయండి, చిన్న ఊళ్లోదైనా సరే. యాంచెవ్‌స్కిస్ మీద ఈసారి పూర్తి పేజీ ఇవ్వండి, అందులో అతని ఫొటో చిన్నదిగా వేసినా ఫర్వాలేదు, ఆ స్కూలు క్వైర్ ఫొటో మాత్రం పెద్దదిగా వేయండి.

- ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, తెనాలి