అన్నదానం సరే, ఆయా జీతం మాటేమిటి?

సంపాదకుల వారికి,

కార్తీకమాసం కదా, మీ జిల్లా పేజీల నిండా అన్నదానాల ఫోటోలే. కోనసీమలో, ఉభయ గోదావరి జిల్లాల్లో వృద్ధాశ్రమాలకు, అనాథ పిల్లల ఇళ్లకు ఈ నెలంతా ఫోన్లు ఆగవు. "ఆదివారం మా నాన్నగారి పేరున భోజనాలు పెట్టుకుంటాం, ఖాళీ ఉందా అండీ?" అని. జనవరి 1, ఆగస్టు 15, నాయకుల పుట్టినరోజులు కూడా అంతే. ఒకే పూటకు ముగ్గురు దాతలు వచ్చిపడితే మూడు గిన్నెల పాయసం మిగిలిపోతుంది, షుగరున్న పెద్దాయన చాటుగా తిని మర్నాడు మంచం పడతాడు. అదే ఆషాఢంలో చూడండి, దాతలు తమ రోజు రాయించుకునే తిథి పుస్తకంలో వారాల తరబడి ఒక్క పేరూ ఉండదు. గోదావరికి వరద ఎర్రనీరు తగిలేదీ, ముసురుకు ముసలివాళ్లను దగ్గులూ జ్వరాలూ పట్టుకునేదీ సరిగ్గా అప్పుడే.

పెట్టే చేతికి మన వైపు వంక పెట్టనక్కర్లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళ కాని వేళ వచ్చినవాళ్లకూ వండి పెట్టారని చెప్పుకుంటాం. అక్కడి అక్విడెక్టుకు ఆవిడ పేరే, 2024 నుంచి బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆ పొయ్యి వెనక భర్త జోగన్న గారి సేద్యం ఉందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. గాదెలో గింజలున్నాయి కాబట్టి ఏ అర్ధరాత్రో వచ్చినవాడికీ ఎసరు పడింది. ఇవాళ్టి ఆశ్రమాలకు లేనిది ఆ గాదే.

ఎంత గాదె కావాలో లెక్క కట్టవచ్చు. నలభై మంది ఉండే వృద్ధాశ్రమంలో మనిషికి రెండు పూటలకూ కలిపి 300 గ్రాముల బియ్యం సరిపోతుంది. రోజుకు 12 కిలోలు, ఏడాదికి సుమారు 4,400 కిలోలు. క్వింటా ధాన్యం ఆడిస్తే 65 కిలోల బియ్యం వస్తుందనుకుంటే 75 కిలోల బస్తాలు తొంభై కావాలి. ఎకరాకు ముప్ఫై బస్తాలు పండితే అది మూడెకరాల సార్వా (ఖరీఫ్) పంట. తొంభై మంది రైతులు కల్లంలో తలా ఒక బస్తా పక్కన పెడితే ఏడాదంతా ఆ ఇంటికి బియ్యం బెంగ ఉండదు. 2025-26 మద్దతు ధర, సాధారణ రకానికి క్వింటా రూ.2,369 చొప్పున చూస్తే బస్తా రూ.1,777. పుట్టినరోజుకు కట్టే ఫ్లెక్సీ, కోసే కేకు కలిపితే అంతకు తగ్గవు.

చెప్పినంత తేలిక కాదు, వసూలులో మూడు చోట్ల దెబ్బ తింటారు. మొదటిది తేమ. కోత మిషను నుంచి నేరుగా గోతాల్లోకి దిగిన ధాన్యంలో తేమ 20 నుంచి 25 శాతం ఉంటుంది. ఆ బస్తాలను అలాగే తెచ్చి వరండాలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే నాలుగు రోజులకే లోపల వేడెక్కి, గింజ పసుపు తిరిగి, ముక్కిపోయిన వాసన కొడుతుంది. ఆ బియ్యం ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు. నిల్వకు తేమ 14 శాతానికి దిగాలి. బరకాల మీద పల్చగా పరిచి, గంటకోసారి కాళ్లతో తిరగేస్తూ మంచి ఎండలో రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. గింజను పంటి కింద పెడితే పటుక్కున విరగాలి, నలిగితే ఇంకా ఆరలేదన్నమాట. 22 శాతం తేమతో వచ్చిన 75 కిలోల బస్తా ఆరేసరికి 68 కిలోలే ఉంటుంది. ఈ తరుగు ముందే రాసుకోకపోతే ఏడు కిలోలు ఎవరు తిన్నారన్న మాట పుడుతుంది. మంచి సంఘాలు కొన్ని ఆ మాట మీదే చీలిపోతాయి.

రెండోది రకాల కలగలుపు. స్వర్ణ ఒక బస్తా, 1121 ఒక బస్తా, సన్నాలు ఒక బస్తా కలిపి ఆడిస్తే గింజ పొడవు తేడాకు నూక ఎక్కువ పడుతుంది, వండితే సగం మెత్తబడి సగం పలుకుగా ఉంటుంది. ఏ రకానికి ఆ రకం విడిగా పెట్టి గోతాం మీద రంగుతో రాయాలి. మూడోది తొందర. తొంభై బస్తాలూ ఒకేసారి ఆడించి బియ్యం చేస్తే మన గాలిలోని చెమ్మకు రెండు నెలల్లో పురుగు పడుతుంది. పైగా కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, ముసలివాళ్లకు అరగదు. ధాన్యంగానే ఉంచి రెండు నెలలకోసారి పదిహేను బస్తాలు ఆడించుకోవాలి. తవుడు, నూక మిల్లువాళ్లకు వదిలి ఆడకూలి మాఫీ చేయించుకోవడమా, కూలి ఇచ్చి తవుడు పాడి ఉన్నవాళ్లకు అమ్ముకోవడమా అన్నది బస్తా దించకముందే తేల్చుకోవాలి.

ధాన్యం బదులు డబ్బే కావాలంటే ఆ బస్తాలను రైతే తన పేరున అమ్మి సొమ్ము సంస్థ ఖాతాలో వేయాలి. ప్రభుత్వ కొనుగోలు, పంట నమోదు జాబితా అయిన ఈ-క్రాప్‌లో పేరున్న రైతుకే గాని సేవా సంస్థకు వర్తించదు. ఇంకొక్క మాట. డెల్టాలో చేలో దిగేది ఎక్కువగా కౌలు రైతు. కౌలు బస్తాలు కొలిచాక అతనికి మిగిలేది అంతంతమాత్రం. కల్లం దగ్గర అందరి ముందూ అడిగి అతన్ని ఇరుకున పెట్టకండి, కౌలు అందుకునే ఆసామిని అడగండి.

పొలం లేని వీధుల్లో పాత పిడికెడు బియ్యం పద్ధతే మేలు. పిడికెడు సుమారు 50 గ్రాములు. రెండొందల ఇళ్లు రోజూ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు డబ్బాలో వేస్తే నెలకు 300 కిలోలు. ఇందులో రేషన్ బియ్యం కలవనివ్వకూడదు. ఉడికే తీరు వేరు కావడం ఒకటి, అవి పోగుచేసి నిల్వ పెట్టారని తెలిస్తే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు మెడకు చుట్టుకోవడం రెండు.

కొబ్బరి తోటలున్న ఊళ్లకు దింపు (కాయల కోత) ఉంది. నెలన్నర, రెండు నెలలకోసారి దింపు కాబట్టి ఏడాదికి ఆరేడు సార్లు ఆదాయం, ఆషాఢంలోనూ ఆగదు. తోటలో ఒక చెట్టుకు సున్నంతో పట్టీ గీసి "ఇది ఆశ్రమానిది" అనుకుంటే చాలు. నూరు తోటల్లో నూరు చెట్లు, దింపుకు చెట్టుకు పది కాయల చొప్పున వెయ్యి కాయలు. ఎవరికి వారు పది కాయలు సంచిలో తెచ్చిస్తే మాత్రం ఆటో ఖర్చుకే సరిపోతుంది. దింపు తేదీ కలుపుకుని ఒకే చోట రాశి పోస్తే అంబాజీపేట వ్యాపారి వాహనం పంపిస్తాడు. దింపు కూలి, ఒలుపు కూలి తోటవాళ్లే భరిస్తారా, కాయల్లో మినహాయించాలా అన్నది ముందే అనుకోవాలి. ధర లేదని కురిడీకి (కాయలోనే ఎండే కొబ్బరికి) అటకెక్కించే ఆలోచన ఆశ్రమాలకు వద్దు. దానికి ఏడాది దగ్గర పడుతుంది, ఎలుకలు అంతకాలం ఆగవు.

ఇక అసలు సంగతి. భోజనానికి దాత దొరుకుతాడు, ఆయా జీతానికి దొరకడు. నలభై మందిలో ఆరుగురు మంచం మీదే ఉన్నారనుకోండి. మనిషికి రోజుకు మూడు డైపర్లు, నెలకు 540. ఒకటి రూ.30 అనుకున్నా రూ.16,200. డబ్బు చాలక మూడు మార్చాల్సిన చోట ఒకటే మారిస్తే వారం తిరక్కుండా నడుము కింద ఎర్రబడి పుండు పడుతుంది. ఆ పుండు మానడానికయ్యే ఖర్చు డైపర్ల ఖర్చును మించిపోతుంది. అయినా డైపర్ల ముందు నిలబడి ఫోటో దిగే దాత ఉండడు. అందుకని సంస్థలే వీటిని తిథుల లెక్కన పంచి అడగాలి: "మా అమ్మగారి తద్దినం రోజున ఆరుగురికి డైపర్లు, రూ.540", "ఒక వారం ఆయా జీతం", "ఒక నెల కరెంటు". పుస్తకంలో కార్తీక ఆదివారం నిండిపోయిందని దాతను వట్టిచేతులతో పంపేయకుండా ఈ కాగితం ముందు పెట్టండి. రెండు మూడు నిమిషాలు ఆలోచించి చాలామంది ఒప్పుకుంటారు. పలకపై పేరు కావాలంటే రాయండి, తప్పేం లేదు.

పెళ్లిలో మిగిలిన భోజనం గురించి గట్టిగా చెప్పాలి. పొద్దున తొమ్మిదికి దించిన అన్నం, పప్పు సాయంత్రం నాలుగుకు ఆటోలో ఎక్కించి పంపడం దానం కాదు, పారేసే పని ఇంకొకరికి అప్పజెప్పడం. కొబ్బరి పచ్చడి, పనసపొట్టు కూర, పెరుగు కలిపినవీ ముందు పాడవుతాయి. పులిహోర కాస్త నిలుస్తుంది. ఇవ్వదలచుకుంటే వంటవాళ్లకు ముందురోజే చెప్పి, వడ్డన మొదలవకముందే వేరే గిన్నెల్లోకి తీసి, మూతపెట్టి, వేడి తగ్గకముందే పన్నెండింటికల్లా చేర్చండి. ఆశ్రమంలో ఆ పూట వంట మానుకోవాలిగా, కబురు కూడా పొద్దున్నే అందాలి.

నిధుల కోసం ఊళ్లలో లక్కీ డ్రా టిక్కెట్లు అమ్ముతున్నారు. ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రా నడపడం నేరం, మంచిపనికైనా మినహాయింపు లేదు. వేలంపాటకు ఆ చిక్కు లేదు. కాకపోతే చవితి లడ్డూ వేలంలో ఊపు మీద లక్ష పాడినవాడు డబ్బు వచ్చే చవితికి కడతాడు, ఒక్కోసారి అప్పటికీ కట్టడు. పాటకు ముందే కొంత ధరావతు కట్టించుకోవాలి, మిగతాదానికి గడువు పుస్తకంలో రాయించి సంతకం తీసుకోవాలి. ఇంతకంటే మంచి వస్తువు మన చేతిలో ఉంది: పులస. పుస్తెలమ్మైనా తినాలన్న చేప ఎర్రనీటితో వచ్చేది దాతలు కరువైన ఆ నెలల్లోనే. సీజనులో వారానికొక చేపను రేవులోనే పాడించి, పడవవాళ్లకు ఆ రోజు ధర ముందు కట్టి, పైన వచ్చినది సంస్థకు జమ చేయవచ్చు. చేప నిలవుండదు కాబట్టి డబ్బు అక్కడికక్కడే వస్తుంది. రేవులో పడవ నుంచి దిగిన చేపే పాడాలి, మార్కెట్ నుంచి తెస్తే సముద్రపు ఇలసను పులస అన్నారని గొడవవుతుంది. చేపల డబ్బు అన్నదానానికి పనికొస్తుందా అని అడిగే పెద్దలుంటారు. కరెంటు బిల్లుకు పనికొస్తుంది.

వసూలు ఎవరి ఖాతాలోకి అన్నదాని దగ్గరే ఎక్కువ సంఘాలు పరువు పోగొట్టుకుంటాయి. కార్యదర్శి సొంత ఫోన్‌పే నంబరు ఇవ్వకండి. ఆ సొమ్ము అతని ఆదాయంలా కనబడుతుంది, అతను పోతే వారసులతో పేచీ. ఏడుగురు కలిస్తే 2001 నాటి చట్టం కింద సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు. ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరిచి, దాని క్యూఆర్ మాత్రమే అంటించాలి. స్కాన్ చేశాక తెరమీద సంస్థ పేరు వచ్చిందో లేదో దాత చూసుకోవాలి, పాత స్టిక్కరు మీద కొత్తది అంటించేవాళ్లున్నారు. దుకాణాల్లో పెట్టే డబ్బాలకు నంబరు, సీలు ఉండాలి. కొట్టు యజమాని ముందే తెరిచి, లెక్కపెట్టి, అక్కడే రసీదు రాయాలి.

పన్ను మినహాయింపు అడిగే వ్యాపారులకు మూడు సంగతులు. విరాళాల మీద పన్ను రాయితీ (80జి అని పిలిచేది) డబ్బుకే గాని బియ్యం, బట్టలకు రాదు. రూ.2,000 దాటి నగదుగా ఇస్తే రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా విదేశీ విరాళమే. దానికి సంస్థకు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. ఊళ్లో బావమరిది ఖాతాకు పంపి అక్కడినుంచి మళ్లించడం ఉపాయం అనుకుంటారు, అది చిక్కు.

వరదల సాయం వేరే ఉత్తరానికి సరిపడే విషయం. ఒక్కటి రాస్తాం: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక నీటిమట్టం 11.75 అడుగులు. అప్పటికే నది మధ్య దీవులైన కొన్ని లంకల కాజ్‌వేలు మునిగి పడవే దిక్కవుతుంది. గట్టు పక్క ఊళ్లకు పదిసార్లు పులిహోర అందుతుంది, లోపలి లంకకు ఒక్కసారీ అందదు. పడవలో చోటు తక్కువ. పాత చీరల మూటలు మానేసి మంచినీళ్ల క్యాన్లు, పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ఆడవాళ్లకు ప్యాడ్లు, గొడ్లకు ఎండుగడ్డి పంపండి.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. అన్నదానం ఫోటోలు వేస్తున్న పేజీలోనే నెలకోసారి "కావలసినవి" అని నాలుగు అంగుళాల చోటివ్వండి. ఏ మండలంలో ఏ ఆశ్రమానికి ఏ నెలలో ఎన్ని బస్తాలు, ఎన్ని డైపర్లు, ఏ తేదీలు ఖాళీ అన్నది అందులో వస్తుంది. సార్వా కోతలు మొదలయ్యాయి. మొదటి పట్టిక ఈ పక్షంలోనే వస్తే కల్లాల్లో ధాన్యం ఉండగానే అడగవచ్చు.

ఇట్లు,
సేవా సంస్థల జమాఖర్చులు రాసేవాళ్లం కొందరం,
అమలాపురం