చిన్నీ, మైనస్ గుర్తు దగ్గర తొందరపడకు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి॥ చిన్నికి,

నాన్న ఆశీస్సులు. గుంటూరు బ్రాడీపేటలో పిన్నీ వాళ్ళబ్బాయితో పాటు పక్కింటి పిల్లలిద్దరికీ కూడా లెక్కలు చెప్పబోతున్నావని అమ్మ చెప్పింది. ముగ్గురూ ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళేనట. పూర్ణ సంఖ్యలూ సమీకరణాలూ ఎలా మొదలుపెట్టాలని అడిగావు. ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నా.

మొదటిరోజు పాఠం వద్దు. ఒక్కొక్కరి నోట్సులో 9 + 6 = □ + 4 అని రాసి గడి నింపమను. 15 అని రాసినవాడిని ఇప్పుడప్పుడే సమీకరణాల దగ్గరికి తీసుకెళ్ళకు. వాడి లెక్కలో = అంటే ‘ఇక జవాబు రాయి’ అని. అటూ ఇటూ విలువ ఒకటేనన్న ఊహ ఇంకా రాలేదు. వాడే 4 + 3 = 7 × 2 = 14 అని గొలుసుకట్టుగా రాస్తుంటాడు చూడు. చివరి జవాబు సరిపోతుంది కాబట్టి ఎవరూ దిద్దరు. ‘4 + 3, 14 ఎలా సమానమయ్యాయిరా?’ అని అడుగు. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ గణితవేత్త ఈ గుర్తు కోసం రెండు సమాంతర గీతలు ఎంచుకున్నాడు, వాటికన్నా సమానమైనవి మరో రెండు ఉండవని. పిల్లలకి ఈ ముక్క చెప్పు, గుర్తుంచుకుంటారు.

ఇక పూర్ణ సంఖ్యలు. పుస్తకాల్లో ఉష్ణోగ్రతలతో మొదలుపెడతారు. 45 డిగ్రీల ఎండలో చెమటలు కక్కే మన పిల్లలకి మైనస్ 5 డిగ్రీలంటే టీవీలో కశ్మీర్ వార్త, అంతే. మార్కులతో చెప్పు. ఐఐటీ ఫౌండేషన్ పరీక్షలు రాసే ఊళ్ళలో పెరుగుతున్న పిల్లలు, నెగటివ్ మార్కు దెబ్బ వాళ్ళకి బాగా తెలుసు. జేఈఈ మెయిన్ పద్ధతే తీసుకో: రైటుకి +4, తప్పుకి −1, వదిలేస్తే 0. పది ప్రశ్నల్లో 6 రైటు, 3 తప్పు, 1 వదిలేశాడు. 24 + (−3) = 21. ఈ లెక్కని దాచిపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

కూడికా తీసివేతా మాత్రం చేత్తో చేయించాల్సిందే. ఓ అరవై చింతపిక్కలు తీసుకుని, ఒకవైపు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయించు, అష్టాచెమ్మాకి చేసుకున్నట్టు. మనిషికి ఇరవై. తెల్లవైపు పైకుంటే +1, నల్లవైపు పైకుంటే −1. ఒక తెలుపూ ఒక నలుపూ జోడీ కడితే సున్నా, పక్కకి తీసేయొచ్చు. −7 + 3 అంటే ఏడు నల్లవి, మూడు తెల్లవి. మూడు జోడీలు పోతే నాలుగు నల్లవి మిగులుతాయి, −4. చూపించకుండా అడిగావనుకో, సగం మంది −10 అంటారు.

అసలు చిక్కు 3 − (−2) దగ్గర. మూడు తెల్లవి పరిచి ‘రెండు నల్లవి తీసెయ్’ అను. ‘నల్లవి లేవు కదక్కా’ అంటారు. వెంటనే చెప్పేయకు, కాసేపు ఆగు. ఆ తర్వాత రెండు జోడీలు, అంటే రెండు తెల్లవి, రెండు నల్లవి తెచ్చి పక్కన పెట్టు. సున్నాలే కదా, విలువ మారలేదు. ఇప్పుడు రెండు నల్లవి తీసేస్తే అయిదు తెల్లవి ఉంటాయి. రుణ సంఖ్యని తీసేస్తే విలువెందుకు పెరుగుతుందో వాళ్ళకే కనిపిస్తుంది. దీన్ని అంకెలు మార్చి నాలుగైదుసార్లు చేయించాకే కాగితం మీదికి వెళ్ళు.

నువ్వు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ‘మైనస్ మైనస్ ప్లస్’ అనే మాట నీ నోటి నుంచి రాకూడదు. ఆ ఒక్క పాట వల్లే −3 − 5 = +8 అని రాస్తారు. గుణకారం సూత్రాన్ని తీసుకొచ్చి కూడికలో పెడతారన్నమాట. కూడికలు, తీసివేతలు తడబడకుండా వచ్చేదాకా గుణకారం గుర్తుల జోలికి పోకు. వెళ్ళినప్పుడు కూడా ‘మైనస్ ఇంటూ మైనస్’ అని ‘ఇంటూ’ ఒత్తి పలుకు.

ఆ గుణకారం ఎందుకు ప్లస్ అవుతుందని అడుగుతారు, అడగాలి కూడా. ఇందాకటి మార్కుల లెక్క ఇప్పుడు తియ్యి. వాడు తప్పు చేసిన మూడు ప్రశ్నలనీ బోర్డు రద్దు చేసింది, వాటి మార్కులు లెక్కలోంచి తీసేశారు. మూడు సార్లు −1 తీసేశారు: (−3) × (−1). మార్కులు 21 నుంచి 24 అయ్యాయి, అంటే +3. దీనికీ లొంగని పిల్లలుంటే వరస రాయించు: 3 × (−4) = −12, 2 × (−4) = −8, 1 × (−4) = −4, 0 × (−4) = 0. మెట్టు మెట్టుకీ 4 పెరుగుతోంది, తర్వాతి మెట్టు (−1) × (−4) ఎంతవ్వాలో వాళ్ళనే చెప్పమను. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, రుణం అంటూ ఈ నియమాలు రాసిపెట్టాడని చెప్పినా వింటారు.

పెద్దాచిన్నా పోల్చడం ఒక్కరోజు చాలు. −8 కన్నా −3 పెద్దదని సంఖ్యారేఖ మీద చూపిస్తే అయిపోతుంది, కుడివైపున ఉన్నదే ఎప్పుడూ పెద్దది.

ఒకే గీత మూడు పనులు చేస్తోందని నువ్వు గుర్తుపెట్టుకో. 7 − 3లో అది తీసివేత. −3లో సున్నాకి అవతలి సంఖ్య. −xలో x విలువకి వ్యతిరేకం. పైకి చదివించేటప్పుడు మూడింటినీ మూడు రకాలుగా చదివించు: ‘7 లోంచి 3 తీసివేత’, ‘రుణ 3’, ‘x కి వ్యతిరేకం’. లేదంటే −x ఎప్పుడూ రుణ సంఖ్యే అనుకుంటారు. x = −4 అయితే −x = 4 అని చెబితే ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా నమ్మడు, కావాలంటే చూడు.

సమీకరణాలకి త్రాసు బొమ్మ మంచిదే. రెండు పళ్ళేలు సమంగా ఉన్నాయి, ఒకవైపు ఏం చేస్తే రెండోవైపూ అదే చెయ్యాలి. కానీ x + 5 = 3 రాగానే త్రాసు చేతులెత్తేస్తుంది. మూడు రాళ్ళున్న పళ్ళెంలోంచి అయిదు తీయమంటే ఎలా తీస్తారు? అక్కడ మళ్ళీ చింతపిక్కల దగ్గరికి రా: రెండువైపులా అయిదేసి నల్లవి వెయ్యి. ఎడమవైపు x మిగులుతుంది, కుడివైపు రెండు నల్లవి. x = −2.

ఇప్పుడు నీకు బాగా అలవాటైన సూత్రం ఒకటి కొన్నాళ్ళు అటకెక్కించాలి: ‘పక్షం మారితే గుర్తు మారుతుంది’. పెద్దవాళ్ళకి అది అడ్డదారి, పిల్లలకి గొయ్యి. 3x = −12 ఇచ్చి చూడు. 3 అవతలికి పోయింది కాబట్టి గుర్తు మార్చి x = −12 ÷ (−3) = 4 అంటారు. ఇంకొకడు 2x = 12 కి 2 ని అవతలికి తీసుకెళ్ళి 12 − 2 = 10 అంటాడు. ఇద్దరూ నువ్వు చెప్పిన సూత్రాన్నే పాటించారు, తిట్టడానికి లేదు. సూత్రం బదులు రెండువైపులా చేసిన పని పూర్తిగా రాయించు:

2x − 7 = 5
2x − 7 + 7 = 5 + 7
2x = 12
x = 6

ఒక వరసకి ఒకే =, పై గుర్తు కిందే కింది గుర్తు. కుడి అంచున పెన్సిల్‌తో ‘రెండువైపులా 7 కలిపాను’, ‘రెండువైపులా 2తో భాగించాను’ అని చిన్నగా రాయించు. మొదట ఏది విడదీయాలని అడిగితే, x కి చివర చేసిన పని మొదట విప్పాలని చెప్పు. ఇక్కడ x ని 2తో గుణించి, తర్వాత 7 తీసేశారు. కాబట్టి ముందు 7 సంగతి, తర్వాత 2. రెండో వరస తమంతట తామే విసుక్కుని మానేసే రోజు వస్తుంది, పక్షాంతరం (ఆ పక్షం మార్చే సూత్రమే) పేరెత్తడానికి అదే సమయం.

సరిచూడటం తప్పించనివ్వకు. x విలువని మొదటి సమీకరణంలోనే వేసి చూడాలి, మధ్యలోని వరసలో కాదు. రుణ సంఖ్య వేసేటప్పుడు బ్రాకెట్ తప్పనిసరి: 2x + 9 = 3 లో x = −3 అయితే 2(−3) + 9. బ్రాకెట్ లేకపోతే 2 − 3 + 9 అనుకుని 8 తెస్తారు. 2x లో x = 3 అంటే 23 అనేవాడు కూడా ఒకడుంటాడు, ఆశ్చర్యపోకు.

బ్రాకెట్లున్నవి చివర్లో ఇవ్వు. 5 − 2(x − 3) = 1 లో రెండు తప్పులు రెడీగా కూర్చుని ఉంటాయి. ఒకడు ముందే 5 − 2 చేసేసి 3(x − 3) అంటాడు. ఇంకొకడు −2 ని x కి మాత్రమే సరిగా పంచి, 3 దగ్గర గుర్తు వదిలేసి 5 − 2x − 6 రాస్తాడు. −2 తో −3 ని గుణిస్తే +6. సరైన దారి: 5 − 2x + 6 = 1, 11 − 2x = 1, −2x = −10, x = 5.

రాత లెక్కలకి మీ ఊరి మిర్చి యార్డు ఉండనే ఉంది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోలనుకుందాం. కొన్ని టిక్కీలూ, విడిగా 25 కిలోల కాయా కలిపి 1,225 కిలోలు తూగింది. టిక్కీలెన్ని? 40x + 25 = 1,225, x = 30. ఇక్కడ ‘x = టిక్కీలు’ అని రాయనివ్వకు, ‘x = టిక్కీల సంఖ్య’ అని రాయించు. అక్షరం వస్తువుకి పొట్టిపేరు అనుకున్నవాడు 40x అంటే ‘40 టిక్కీలు’ అని చదువుతాడు, ఇక అక్కడినుంచి లెక్క నడవదు.

అభ్యాసానికి ఇచ్చే సమీకరణాలు నువ్వే తయారుచెయ్యి. జవాబులన్నీ 3, 5, 7 లాంటివే వస్తే పిల్లలు సాధించడం మానేసి ఊహించడం నేర్చుకుంటారు. 7 − x = 12 (జవాబు −5), −4x = 20 (అదీ −5), 6x + 5 = 5 (సున్నా; ‘జవాబు లేదు’ అంటారు), 2x = 7 (మూడున్నర; ‘లెక్క తప్పక్కా’ అంటారు). ఇలాంటివి మొదటివారంలోనే మధ్యమధ్యలో కలుపు. రోజుకి ఎనిమిది చాలు, అందులో రెండు ముందురోజు తప్పుపోయినవి.

పిన్నిని అడిగానని చెప్పు.

మీ నాన్న