లీవు దారిలోనే అయిపోతోంది: కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కేంద్ర బలగాల్లో పనిచేసి రిటైరయ్యాను. మా ఊరి పిల్లలు నలుగురు ఇప్పుడు అదే కొలువులో ఉన్నారు. వాళ్లు బయటికి చెప్పుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు. అందుకే నేను రాస్తున్నాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు నేను ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండా వెళ్లే దారి మీద ఒక క్యాంపులో ఉన్నాను. మూడు రోజులు అడవిలో మావోయిస్టుల కోసం కూంబింగ్ చేసి అప్పుడే వచ్చాం. వానలో నానిన బూట్లు విప్పితే పాదాల తోలు సాక్సుతో పాటే ఊడి వచ్చింది. ఆ నొప్పి గుర్తు లేదు. సిగ్నల్ కోసం ఇసుక బస్తాల మోర్చా ఎక్కి ఫోన్ చేస్తే, ఇంట్లో ఒక్క నంబరూ కలవకపోవడం మాత్రం గుర్తుంది. అమ్మ ఉందో లేదో తెలియకుండా ఐదు రాత్రులు సెంట్రీ కాశాను. ఆరో రోజు మా ఇంటిది పక్క ఊరికి నడిచి వెళ్లి ఫోన్ చేసింది. "అందరం బాగున్నాం. కొబ్బరిచెట్టు ఒక్కటీ నిలబడలేదు" అంది. మా నాన్న నాటిన చెట్లవి.

లీవు వెంటనే ఇచ్చారు, ఆ మాట చెప్పాలి. కానీ క్యాంపు దాటడమెలా? మందుపాతరల కోసం దారంతా వెతికాకే ఎవరైనా కదలాలి. 2017 ఏప్రిల్ 24న అదే దారిలో బుర్కాపాల్ దగ్గర, రోడ్డు పనికి కాపలా వెళ్లిన 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ జాగ్రత్తను నేను తప్పు పట్టను. లీవు కాగితం మీద తేదీ పడిపోయాక నాలుగు రోజులు బ్యాగు సర్దుకుని కూర్చున్నాను. తర్వాత కోంటా, చింతూరు, మారేడుమిల్లి ఘాటు, రాజమండ్రి, అక్కడి నుంచి పలాస రైలు. కోంటాలో నలుగురు తెలుగు మాట్లాడుకుంటుంటే విని, బస్టాండులోనే ఏడ్చేశాను. 15 రోజుల లీవులో ఇంట్లో ఉన్నది ఎనిమిది రోజులు.

జవాను ఏడాదిలో 100 రోజులు కుటుంబంతో గడపాలని 2019లో మీ శాఖ అనుకుంది. ఆ వార్త విని మా ఇంటిది క్యాలెండర్ ముందేసుకుని లెక్కపెట్టింది. ఆర్జిత సెలవు 60, క్యాజువల్ 15. మొత్తం 75. అడిగిన లీవంతా దొరికినా వంద కాదు. ఆర్మీలో క్యాజువల్ లీవు 30 రోజులు. మా పిల్లలకూ అంతే ఇవ్వండి. ఇంకొక్కటి: అడవి క్యాంపుల్లో ఉన్నవాళ్లకు, రైలెక్కే ఊరు చేరిన రోజు నుంచే లీవు లెక్కపెట్టేలా చూడండి. దారి తెరుచుకోకపోవడం జవాను తప్పు కాదు కదా.

మా ఊరి కుర్రాడొకడి భార్యకు నెలలు నిండాయి. వాడి క్యాంపు కూడా అడవిలోనే. నిన్న ఫోన్ చేసి "అన్నా, పురిటికి అందుకుంటానా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక, అక్కడ వాన తగ్గిందా అని అడిగాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక మాజీ జవాను