పొగ తినే బాక్టీరియా నిజమే, కానీ కృష్ణపట్నంలో కాదు

సంపాదకులకు నమస్కారం.

కృష్ణపట్నం థర్మల్ కేంద్రం చిమ్నీలకు బాక్టీరియా ట్యాంకులు తగిలిస్తే పొగంతా ఇంధనం అయిపోతుందని ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మీ పేజీలో చూశాను. అలాంటి బాక్టీరియా ఉన్నమాట నిజమే, ఆయన కల్పించి రాసిందేమీ కాదు. కాకపోతే కార్బన్ మోనాక్సైడ్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ ఒకే గాటన కట్టేశారు, అక్కడ తేడా కొట్టింది.

మా టంగుటూరు వైపు పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాలు) కాల్చేవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. మోనాక్సైడ్ సగం కాలిన బొగ్గు లాంటిది, అందులో మండే సత్తువ ఇంకా మిగిలే ఉంటుంది. డయాక్సైడ్ బూడిద.

ఆ సగం కాలిన గ్యాస్ మనకు విషం. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, వాసన రాదు, రంగుండదు, అందుకే గొట్టానికి చిల్లు పడిన బ్యారన్‌లోకి గాలి ఆడకముందే దూరితే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని సూక్ష్మజీవులకు మాత్రం అదే తిండి. వాటిలో కార్బన్ మోనాక్సైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది (పేరు పెద్దదే, ఏం చేస్తాం). అది మోనాక్సైడ్‌ను నీళ్లతో కలిపి డయాక్సైడ్‌గా మార్చేస్తుంది, ఆ పనిలో బయటపడే ఎలక్ట్రాన్లతో ఆ జీవి బతుకుతుంది. ఫ్యాక్టరీలో ఇదే పని చేయాలంటే రాగి, జింకు కలిసిన ఉత్ప్రేరకం పెట్టినా 200 డిగ్రీల వేడి కావాలి, ఇనుము రకమైతే 350 దాటాలి. వేడినీటి బుగ్గలో దొరికిన కార్బాక్సిడోథెర్మస్ అనే బాక్టీరియా 70 డిగ్రీలకే కానిచ్చేస్తుంది. 2001లో దాని ఎంజైమ్‌లో అసలు పని జరిగే చోటు నిర్మాణం బయటపడింది. చూస్తే ఒక నికెల్ పరమాణువు, నాలుగు ఇనుము పరమాణువులు, వాటిని కలుపుతూ గంధకం, అంతే! ప్లాటినం లేదు, బంగారం లేదు.

ఈ నికెల్ ఎంజైమ్‌కు ఒక పెద్ద బలహీనత ఉంది, ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కాబట్టి ఇలాంటి జీవులు గాలి చొరబడని బురదలో, పశువుల కడుపులో, మురుగులో ఉంటాయి. గాలిలో బతికే నేల బాక్టీరియాకు వేరే రకం ఎంజైమ్ ఉంది, అందులో మాలిబ్డినం, రాగి ఉంటాయి, వాతావరణంలోని మోనాక్సైడ్‌ను కొంత మింగేది అవే. కార్బన్ సంగతి వస్తే పిల్లలకు చెట్ల గురించి తప్ప ఇంకేమీ చెప్పం కానీ, బురదలోనూ ఈ పని కోట్ల ఏళ్లుగా నడుస్తోంది.

ఇక ఇంధనం సంగతి. 2018లో చైనాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ గ్యాస్ నుంచి బాక్టీరియాతో ఇథనాల్ తీసే ప్లాంటు మొదలైంది. అక్కడ వాడే క్లోస్ట్రిడియం అనే బాక్టీరియా రకాన్ని మొదట వేరుచేసింది కుందేలు పెంటికల నుంచి, నవ్వొచ్చినా నిజం. ఆ ప్లాంటు నడవడానికి కారణం ఉక్కు ఫ్యాక్టరీ గ్యాస్‌లో మోనాక్సైడ్ దండిగా ఉండటం. బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజం కరిగించే పెద్ద కొలిమి) గ్యాస్‌లో అది ఐదో వంతుకు అటూఇటూ ఉంటుంది. మన రాష్ట్రంలో ఈ ఆలోచన చేయాలంటే విశాఖ ఉక్కు దగ్గర చేయాలి, అక్కడ కూడా ఆ గ్యాస్‌ను వాళ్లు ఇప్పటికే మండించి వాడుకుంటారు కాబట్టి లాభనష్టాలు లెక్క వేసుకోవాలి.

కృష్ణపట్నంలో బొగ్గు పూర్తిగా కాలుతుంది, కాలకపోతే నష్టం వాళ్లదే. చిమ్నీలోంచి వచ్చేది ఎక్కువగా నైట్రోజన్, ఆ తర్వాత డయాక్సైడ్, పైగా కొంచెం ఆక్సిజన్. అంటే ఈ బాక్టీరియాకు తిండి లేదు, ఊపిరాడకుండా చేసే ఆక్సిజన్ మాత్రం ఉంది. డయాక్సైడ్‌ను ఇంధనంగా మార్చే శక్తి ఆ ఎంజైమ్‌లకు లేదని కాదు, అవి వెనక్కి కూడా నడుస్తాయి, కానీ ఎలక్ట్రాన్లు ఎవరో ఇవ్వాలి, మామూలుగా అవి హైడ్రోజన్ నుంచి రావాలి. ఆ హైడ్రోజన్‌ను అదే థర్మల్ కరెంటుతో తయారు చేస్తే, వచ్చే ఇంధనం కన్నా కాలే బొగ్గే ఎక్కువ. ట్యాంకులు పెట్టమన్న పెద్దమనిషి ముందు ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచి తెస్తారో మీ పేజీలోనే రాస్తే బాగుంటుంది.

– ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు, టంగుటూరు, ప్రకాశం జిల్లా