నాన్నా, ఆ మాత్రలు మధ్యలో ఆపకండి

పెర్త్, ఆస్ట్రేలియా

నాన్నగారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం.

కడుపులో మంట తగ్గింది, నోరు చూస్తే చేదెక్కిపోతోంది, ఇంకా ఈ మాత్రలెందుకని మీరు విసుక్కుంటున్నారట. అమ్మ చెప్పింది. ఫోన్లో తీరుబడిగా మాట్లాడటం కుదరక రాస్తున్నాను.

కడుపులో అంత యాసిడ్‌లో ఈ క్రిమి ఎలా బతుకుతుందని మొన్న అడిగారు కదా. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలాకాలం బతకదనే అనుకున్నారు. కాదని తేల్చింది ఈ ఊళ్లోనే. రాబిన్ వారెన్, బారీ మార్షల్ అని ఇద్దరు డాక్టర్లు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ క్రిముల్ని తానే తాగేశాడు. కొన్ని రోజులకే వాంతులు, ఎండోస్కోపీ చేస్తే కడుపులో వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీ రిపోర్టులో ఉన్న హెలికోబ్యాక్టర్ పైలోరీ అదే.

దాని బలమంతా యూరియేజ్ అనే ఎంజైమ్‌లో ఉంది. మన రక్తంలోంచి కడుపులోకి ఊరే కాస్త యూరియానే అది లోపలికి లాక్కుని అమోనియాగా విడగొడుతుంది. ఆ అమోనియా యాసిడ్‌ను విరిచేస్తుంది. నాకు ఇందులో అబ్బురమనిపించేది యూరియాను లోపలికి వదిలే దారి. చుట్టూ యాసిడ్ పెరిగితేనే అది తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుపోతుంది. ఎప్పుడూ తెరిచే ఉంటే ఆ అమోనియాకే క్రిమి చస్తుంది.

ఇది కళ్లారా చూడొచ్చు నాన్నా. ఎండోస్కోపీలో తీసిన ముక్కను యూరియా కలిపిన పసుపుపచ్చ జెల్‌లో పెడతాం. క్రిమి ఉంటే ముక్క చుట్టూ గులాబీ రంగు మొదలై మెల్లగా జెల్ అంతా పాకుతుంది. ఆ రంగు తెచ్చేది అమోనియానే.

యాసిడ్ ఒక్కటే కాదు, మన తెల్లరక్త కణాలు కూడా దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి గుప్పిస్తాయి. దానికి విరుగుడుగా ఈ క్రిమి దగ్గర కెటలేజ్ అనే ఇంకో ఎంజైమ్ దండిగా ఉంది. పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది. దెబ్బ మీద ఆ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుందే, అది మన రక్తంలోని కెటలేజ్ పనే. చివరికి ఆ కణాలు కురిపించినదాంతో క్రిమి చావదు, మన కడుపు పొరే దెబ్బతింటుంది. పుండ్లకు అదీ ఒక కారణం.

అందుకే ఒళ్లు దానంతట అదే వదిలించుకుంటుందని ఊరుకోలేం. గ్యాస్ మాత్ర కూడా ఉత్త మంట కోసం ఇచ్చింది కాదు. యాసిడ్ బాగా ఉన్నప్పుడు క్రిమి పెరగకుండా అణిగి ఉంటుంది. అమోక్సిసిలిన్ లాంటి మందేమో పెరుగుతున్న క్రిమినే చంపగలదు. గ్యాస్ మాత్రతో యాసిడ్ తగ్గితే క్రిమి పెరగడం మొదలెడుతుంది, మందుకు దొరుకుతుంది. మధ్యలో ఆపితే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. ఆ మందుకు లొంగనివే మిగిలితే ఇంకోసారి అది పనిచేయదు.

కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి, క్రిమి పోయిందో లేదో ఊపిరి పరీక్ష చేయించుకోండి. దానికి 2 వారాల ముందు గ్యాస్ మాత్ర ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టే చూపించొచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టరుగారినే అడగండి. చేదు మరీ ఎక్కువైతే అదీ ఆయనతోనే చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి.

ఆదివారం ఫోన్ చేస్తాను. స్ట్రిప్పులు దగ్గర పెట్టుకోండి, ఎన్ని మిగిలాయో చూద్దాం.

మీ చిన్నమ్మాయి