మంత్రి గారూ, ఈసారి తనిఖీకి చెప్పకుండా రండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. కొత్త పథకం కావాలని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మన దగ్గర కాగితం మీద ఉన్నవి తక్కువేం కాదు. ఈ పిల్లలకి చదువు, థెరపీ అందాల్సిన భవిత కేంద్రాలున్నాయి, వాటిలో చదువు చెప్పే ఐఈఆర్పీలు అనే ప్రత్యేక టీచర్లున్నారు, ఫిజియోథెరపిస్టు వచ్చి వెళ్లాలి, కదల్లేని పిల్లలకి ఇంటికెళ్లి చదువు చెప్పాలి, కేంద్రానికి తీసుకొచ్చే తల్లికి రవాణా భత్యం ఇవ్వాలి, ఆడపిల్లలకి స్టైపెండ్ ఉంది, క్యాంపులు పెట్టి వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు ఇస్తారు. ఇవన్నీ పిల్లల దాకా చేరుతున్నాయో లేదో ఎవరైనా వచ్చి నిజంగా చూడాలి, అంతే మేం అడిగేది.

తనిఖీలు జరగడం లేదని అనను. జరిగే తీరు మాకు బాగా తెలుసు. పైనుంచి టీమ్ వస్తోందంటే ముందురోజు సాయంత్రమే మా తల్లుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది, రేపు పిల్లల్ని తప్పకుండా తీసుకురండి, యూనిఫాం వేసి పంపండి అని. తెల్లారేసరికి కేంద్రం ఊడ్చి తుడిచి ఉంటుంది, గోడలకి కొత్త చార్టులు వస్తాయి, బీరువాలో తాళం వేసి ఉండే బొమ్మలూ పజిళ్లూ బల్ల మీదికి ఎక్కుతాయి, వాటిలో కొన్నిటికి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యనే లేదు. వచ్చినవాళ్లు రిజిస్టర్లు చూస్తారు, పిల్లలతో ఫొటో దిగుతారు, టాయిలెట్ ఉందా, ఉంది, ర్యాంప్ ఉందా, ఉంది, వెళ్లిపోతారు. మా ర్యాంప్ వరండా దాకా వస్తుంది. వరండా నుంచి గదిలోకి గడప అడ్డం, టాయిలెట్‌కి రెండు మెట్లు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి, మా దగ్గర కట్టిన వాలు మీద వీల్‌చైర్ తోసే పెద్దవాళ్లే నిలవలేరు. అయినా ఫారంలో టిక్కు పడింది. ఫారం అడిగింది ర్యాంప్ ఉందా అనే కదా, దాని మీద ఎవరైనా వెళ్లగలుగుతున్నారా అని ఎక్కడా లేదు.

ఇది చదివి ఎంఈవో గారికో, ఐఈఆర్పీకో మెమో ఇవ్వకండి దయచేసి. అసలు మా పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని పిలిచేది వాళ్లొక్కరే. మండలం మొత్తానికి ఒకరో ఇద్దరో ఉంటారు, పొద్దున కేంద్రంలో పాఠం, మధ్యాహ్నం ఇళ్లకి వెళ్లాలి, మధ్యలో యాప్‌లో వివరాలు ఎక్కించాలి, ఏదో సర్వే అంటే దానికీ పంపేస్తారు, ఉద్యోగం చూస్తే కాంట్రాక్టు. ఇంటికెళ్లి చదువు చెప్పడం అనేది చివరికి గుమ్మంలో ఫొటో తీసి అప్‌లోడ్ చేయడంగా మారిందంటే ఆ మనిషి బద్ధకం వల్ల మాత్రం కాదు.

నాకు తెలిసిన ఒక పాప గురించి చెబుతాను. క్యాంపులో రెండు చెవులకీ యంత్రాలు ఇచ్చారు. మంచి యంత్రాలే. కానీ పిల్లల చెవి పెరుగుతుంది కదా, చెవిలో పెట్టే అచ్చు కొన్నాళ్లకే వదులైపోయింది, వదులైతే అది సన్నగా కీచుమని కూస్తుంది. క్లాసులో కూసినప్పుడల్లా పక్క పిల్లలు నవ్వడం, టీచరమ్మ తీసి లోపల పెట్టుకోమనడం, పాప వాటిని జామెట్రీ బాక్సులో పెట్టుకోవడం. ఇప్పుడు అవి అక్కడే ఉంటాయి, స్కేలు, పెన్సిల్ ముక్కల మధ్య. కొత్త అచ్చు ఎక్కడ తీస్తారో, బ్యాటరీ అయిపోతే ఎవర్ని అడగాలో ఆ తల్లికి ఇచ్చిన రోజునా చెప్పలేదు, తర్వాతా ఎవరూ చెప్పలేదు. శాఖ లెక్కల్లో ఉపకరణం అందిన విద్యార్థిని ఆ పాప. టీచరు చెప్పేది మాత్రం ఆ పాపకి వినపడటం లేదు. రిజిస్టర్ ఎన్నిసార్లు తిరగేసినా ఇది బయటపడదండి, పాప పక్కన అరగంట కూర్చుంటే బయటపడుతుంది.

ఇంకో చిక్కు, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, మా పిల్లాడు ఏ ఒక్క శాఖ పిల్లాడూ కాకపోవడం. అంగన్‌వాడీలో ఉన్నంతకాలం స్త్రీ శిశు సంక్షేమ శాఖ. ఆరోగ్య పరీక్ష చేసే ఆర్‌బీఎస్‌కే టీమ్, వాళ్లు రాసిస్తే వెళ్లాల్సిన జిల్లా డీఈఐసీ, అంటే చిన్నపిల్లల లోపాల్ని ముందే గుర్తించి చికిత్స చేసే కేంద్రం, ఇవి వైద్యశాఖవి. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం స్లాట్‌కి సచివాలయం, డాక్టర్ల బోర్డుకి ఆసుపత్రి. ఉపకరణాలకి విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ. బడి మీది. మా వాడికి మాటలు రావడం లేదని అంగన్‌వాడీ టీచరే ముందు కనిపెట్టింది, ఆసుపత్రికి రాసిచ్చారు, అక్కడికి వెళ్తే స్పీచ్ థెరపీ చేసే మనిషి లేరు అన్నారు, ఈలోగా వాడు ఒకటో తరగతికి వచ్చేశాడు, వాడి వెనకాల ఒక్క కాగితమూ బడికి రాలేదు, హెచ్‌ఎం గారు నన్నే అడిగారు బాబుకి ఏంటమ్మా ప్రాబ్లం అని. మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఎవరి ముక్క వాళ్లు తనిఖీ చేసుకుంటే అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి, ఎందుకంటే పిల్లాడు జారిపోయేది ఒక ఆఫీసుకీ ఇంకో ఆఫీసుకీ మధ్యన.

ఇంగ్లండ్‌లో 2016 నుంచి ఈ పని వేరేగా చేస్తున్నారు. బడుల్ని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్, ఆసుపత్రుల్ని తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్, ఈ రెండూ కలిసి ఒక ప్రాంతానికి వెళ్తాయి. పుట్టినప్పటి నుంచి 25 ఏళ్ల దాకా ఉన్నవాళ్లకి ఆ ప్రాంతంలో చదువు, వైద్యం, సంరక్షణ కలిసి ఎలా అందుతున్నాయని చూస్తాయి. కొందరు పిల్లల్ని ఎంచుకుని వాళ్ల సంగతి మొదటి నుంచి ఏం జరిగిందని తవ్వుతారు, తల్లిదండ్రుల్ని అడుగుతారు, నివేదిక అందరూ చదివేలా బయటపెడతారు. 2023లో ఆ పద్ధతిని మళ్లీ మార్చారు. అక్కడ అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు, సాయం ప్రణాళిక 20 వారాల్లో చేతికివ్వాలని నిబంధన ఉన్నా ఇవ్వడం లేదని అక్కడి తల్లిదండ్రులూ మొత్తుకుంటూనే ఉన్నారు. కానీ మొత్తుకోవడానికి వాళ్ల చేతిలో ఒక నివేదిక ఉంది. మా చేతిలో వాట్సాప్ గ్రూపు ఉంది.

ఇదంతా ఏ రూల్ ప్రకారం అని మీ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు కాబట్టి అదీ రాస్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 16వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్లాడి పాల్గొనడాన్నీ, చదువులో పురోగతినీ గమనిస్తూ ఉండాలి, ప్రయాణ సౌకర్యం కల్పించాలి, చదవడం రాయడంలో ఇబ్బందులున్న పిల్లల్ని వీలైనంత తొందరగా గుర్తించాలి. 17వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లకోసారి బడి పిల్లల సర్వే చేయాలి, మొదటిది చట్టం అమల్లోకి వచ్చిన రెండేళ్లలోనే. ఆ సర్వే మా మండలంలో ఎంతమందిని చూపించిందో మాకు తెలిసేలా పెట్టండి, అది రహస్యంగా ఉంచాల్సిన విషయం కాదు కదా. 72వ సెక్షన్ కింద జిల్లా స్థాయి కమిటీలున్నాయి, 80వ సెక్షన్ కింద రాష్ట్ర కమిషనర్‌కి విచారించే అధికారం ఉంది. అంటే చట్టం కొత్తగా రాయక్కర్లేదు.

స్పెషల్ టీచర్ల విషయం కూడా. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక ప్రైమరీలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు అని లెక్క కట్టారు. 2025 మార్చిలో కోర్టు మళ్లీ రాష్ట్రాలన్నిటినీ పోస్టులు ప్రకటించమంది, మన రాష్ట్రమూ కొత్త పోస్టులు మంజూరు చేసింది. సంతోషం, నిజంగానే. వాళ్లు వచ్చాక ఏ సబ్జెక్ట్ టీచర్ సెలవు పెడితే ఆ క్లాసుకి వాళ్లని పంపకుండా చూడండి.

రిజిస్టర్‌లో పేరే లేని పిల్లలు వేరే ఉన్నారు. కళ్లకి కనిపించే లోపమేదీ ఉండదు, చక్కగా మాట్లాడతారు, లెక్క నోటితో అడిగితే ఠక్కున చెప్పేస్తారు, పుస్తకం తీస్తే అక్షరాలు కుదరవు. వాళ్లకి బడిలో మొద్దు, సోమరి అని పేరు పడిపోతుంది, ఇంట్లో దెబ్బలు పడతాయి. టీచర్లు ముందే అనుమానించడానికి ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు ప్రశస్త్ అని ఒక యాప్ కూడా చేశారు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటివి చట్టంలో ఉన్నాయి. ఇవి ఉన్నాయని తల్లిదండ్రులకి తెలిసేది పదో తరగతి ఫీజు కట్టే రోజుల్లో, అప్పుడు సర్టిఫికెట్ కోసం పరుగులు, స్లాట్ దొరక్క టెన్షన్, ఆ ఏడాది అలాగే పోతుంది. తనిఖీకి వచ్చేవాళ్లు మూడో తరగతికో నాలుగో తరగతికో వెళ్లి చదవడం రాని పిల్లలు ఎవరు, వాళ్లని ఎవరైనా పరీక్షించారా అని అడిగితే చాలు.

కాబట్టి మా కోరిక ఇది. ముందు ఒకే ఒక్క జిల్లాలో చేయండి. మీ శాఖ, వైద్యశాఖ, స్త్రీ శిశు సంక్షేమం, విభిన్న ప్రతిభావంతుల శాఖ, నాలుగింటి నుంచీ మనుషులు ఒకే బండిలో రావాలి, వాళ్లతో ఆ జిల్లాకి సంబంధం లేని ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, ఇలాంటి బిడ్డని పెంచిన ఒక తల్లో తండ్రో ఉండాలి. కేంద్రానికి ముందు ఫోన్ చేయకూడదు. జాబితాలోంచి పిల్లల్ని వాళ్లే ఎంచుకోవాలి, మేడమ్ గారు చూపించిన పిల్లల్ని మాత్రమే చూసి వెళ్లిపోకూడదు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లాలి, మంచం మీద ఉన్న పిల్లల ఇళ్లకి ముందు వెళ్లాలి. అనుమానం ఎప్పుడు వచ్చింది, డాక్టర్ ఎప్పుడు చూశారు, సర్టిఫికెట్ ఎప్పుడొచ్చింది, థెరపీ చివరిసారి ఎప్పుడు జరిగింది, భత్యం ఖాతాలో ఏ నెలలో పడింది, ఇచ్చిన యంత్రం ఇప్పుడు ఎక్కడుంది, చూపించమ్మా అని అడగాలి. ఆ తల్లి చెప్పింది ఆవిడ ముందే రాసుకోవాలి. నివేదిక తెలుగులో, పిల్లల పేర్లు లేకుండా, సచివాలయం బోర్డు మీద పెట్టాలి, ఏ లోటు ఏ అధికారి ఎప్పటికల్లా సరిచేయాలో తేదీతో సహా. ఆరు నెలలకి మళ్లీ అదే ఇళ్లకి వెళ్లాలి, కొత్త ఇళ్లకి వద్దు. ఫిర్యాదు చేసిన తల్లి పిల్లాడిని మర్నాడు బడిలో వేరుగా చూడకుండా ఏర్పాటు కూడా మీరే చేయాలి, ఎందుకంటే చాలామంది నోరు విప్పనిది ఆ భయంతోనే.

మీరు స్వయంగా ఒక ఇంటికి వస్తే ఇంకా మంచిది. పోలీసులూ బ్యానర్లూ లేకుండా, మధ్యాహ్నం పూట. జిల్లా ఏదో, మొదలు ఎప్పుడో మీ జవాబులో చెప్పండి, టీమ్‌లో కూర్చోవడానికి మా గ్రూపులో తల్లులు సిద్ధంగా ఉన్నారు, నాతో సహా.

ఇట్లు,
ఆటిజం ఉన్న ఒక బాబు తల్లి