సోడాతో తగ్గిందని ఊరుకోకు

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

మా తమ్ముడికి గుండెపోటు వచ్చిందని నీదాకా కబురొచ్చిందట. గుండెపోటు కాదురా. మూడు రోజులు ఆసుపత్రి బెంచీ మీదే గడిపి ఇవాళే ఇంటికొచ్చాను. వాణ్ణి ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు.

నెల క్రితం బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు కదా, సిమెంటు కట్టుతో మంచం మీదే ఉంటున్నాడు. గురువారం పొద్దున లేచి కూర్చోబోతూ ఒక్కసారిగా "అన్నా, ఊపిరాడట్లేదు" అన్నాడు. గాలి పీల్చినప్పుడల్లా కుడివైపు ఛాతీలో కత్తితో పొడిచినట్టు నొప్పి. అమ్మ వాము నమిలించింది. నేనూ గ్యాసే అనుకున్నాను. ఇరవై నిమిషాలు అలా పోయాయి. అవి తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. పెదాలు నల్లబడటం చూసి 108కి ఫోన్ చేశాను.

ఈసీజీలో గుండె వేగంగా కొట్టుకోవడం తప్ప ఏమీ కనబడలేదు. రక్తంలో ఆక్సిజన్ మాత్రం బాగా తగ్గి 86 శాతానికి వచ్చింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ దుప్పటి తీసి కాళ్లు చూసింది. కట్టు పైన తొడ వాచి ఉంది. ఎప్పటినుంచని అడిగితే మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. వెంటనే సీటీ స్కాన్ తీయించింది. కదలిక లేని కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ గుండె మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడిందిరా. పల్మనరీ ఎంబాలిజం అంటారు. రక్తం ఇంకా గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఇంటికొచ్చాక కనీసం మూడు నెలలు రక్తం పలచబడే మాత్రలు వాడాలి.

ఆ డాక్టరమ్మ ఓపిగ్గా చాలా చెప్పింది. సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాళ్లకి ఉన్నట్టుండి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయినా ఇలాగే ఉంటుందట. జ్వరం, దగ్గు ఉంటే న్యుమోనియా కావచ్చు. టెన్షన్ వల్లా వస్తుంది కానీ, మిగతావన్నీ కావని తేలాకే ఆ మాట అనాలట. బీపీ ఎక్కువున్నవాళ్లలో గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని లోపలి పొర చిరిగితే వీపులోకి చీల్చుకుపోయేంత నొప్పి. దానికి మావాడికిచ్చిన మందే ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో కూర్చుని మనం ఎలా తేలుస్తాంరా? షుగరున్నవాళ్లకైతే గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు, ఆయాసం, చెమటలతోనే సరిపెట్టేస్తుందట.

అది విన్న దగ్గర్నుంచి నువ్వే గుర్తొస్తున్నావు. మూడో అంతస్తు ఎక్కేసరికి ఛాతీ పట్టేస్తోంది, సోడా తాగితే తగ్గుతోంది అన్నావు మొన్న. సోడా తాగడానికి కూర్చుంటావు కదరా! కూర్చున్నందుకే తగ్గుతోందేమో. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి గుండెకి రక్తం చాలడం లేదనడానికి గుర్తు. నీకు షుగరొచ్చి ఆరేళ్లయింది, మీ నాన్నగారికీ గుండె జబ్బే.

ఈ ఉత్తరం అందిన రోజే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లు. ఒక్క ఈసీజీ బాగుందని తిరిగొచ్చేయకు, మెట్ల సంగతి కూడా చెప్పు. ఈలోగా కూర్చున్నప్పుడే నొప్పి వచ్చినా, కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా బండి తీయకు, 108కి ఫోన్ చెయ్యి. చెల్లెమ్మకి ఈ కాగితం చూపించు. శనివారం నేనొస్తాను, రిపోర్టులు చేతిలో పెట్టాలి నువ్వు.

నీ
రాంబాబు